పది టిక్కీలకొకసారి చీటీ

మా తమ్ముడికి ఆదివారం నీట్, డాక్టరీ సీటు కోసం రాసే పరీక్ష. ఈరోజు గురువారం, 2025 మే 1. నిన్న అడ్మిట్ కార్డు వచ్చింది. పరీక్ష రాసేది వాడొక్కడే అయినా మా ఇంట్లో నలుగురికీ నిద్ర లేదు, అందులో అందరికంటే బాగా నిద్రపోతున్నది వాడే. దానికి కారణం నేనే కాబట్టి కాస్త గొప్పగా చెప్పుకుంటున్నా.

నేను ఈ పరీక్ష రెండుసార్లు రాశాను. 2023లో ఇంటర్ అవగానే ఒకసారి, ఏడాది లాంగ్ టర్మ్ (మళ్లీ రాయడానికి తీసుకునే కోచింగ్) చేసి 2024లో ఇంకోసారి. ఇప్పుడు ఎంబీబీఎస్ ఫస్టియర్. మొన్నటినుంచి మా వీధిలో ముగ్గురు అడిగారు, "ఆఖరి రోజుల్లో ఏం చదవమంటావమ్మా మా వాడిని" అని. ఏం చదవాలో వాళ్లకి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది చదువు సంగతి కాదు. చెయ్యి, కడుపు, కునుకు. నా మొదటి నీట్ పోయింది ఈ మూడింటి దగ్గరే.

ముందు కడుపు సంగతి. 2023 మే 7. సెంటర్ విజయవాడలో. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి, గేటు ఒంటిగంటన్నరకి మూసేస్తారు. పొద్దున్నే గుంటూరు నుంచి బయల్దేరాం, పదకొండుకల్లా చేరిపోయాం. నాన్నకి నేను డాక్టర్ అయిపోయినంత హుషారు. "ఖాళీ కడుపుతో రాయకూడదమ్మా" అని మంచి భోజనం హోటల్‌కి తీసుకెళ్లాడు. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర పచ్చడి, వంకాయ కూర, సాంబారు, గడ్డపెరుగు, చివర్లో అరటిపండు. వడ్డించేవాళ్లు వద్దన్నా వెయ్యడం మానలేదు, నేనూ గట్టిగా వద్దనలేదు. మూడింటికి బోటనీ చదువుతుంటే అదే లైను నాలుగోసారి చదువుతున్నానని తెలిసింది. ఫ్యాను చప్పుడు జోలపాటలా ఉంది. నా ముందు బెంచీలో ఒకబ్బాయి తల నెమ్మదిగా వాలి, ఉలిక్కిపడి లేచింది. అతను ఏ హోటల్లో తిన్నాడో మరి.

ఇప్పుడు ఫిజియాలజీ చదువుతుంటే అర్థమైంది ఏంటంటే, తప్పంతా పప్పన్నానిది కాదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు మధ్యలో ఒంట్లో గడియారమే కాస్త మందగిస్తుంది, అన్నం దానికి తోడవుతుంది అంతే. దానికి తోడు మనది కోస్తా. ఎండాకాలంలో గుంటూరులో మధ్యాహ్నం రెండింటికి ఎవరింటి తలుపు కొట్టి చూడండి, తీసేవాళ్లుండరు. అన్నం తిని, కిటికీలు వేసి, గచ్చు మీద నీళ్లు చల్లుకుని పడుకోవడం మనకి చిన్నప్పటినుంచీ అలవాటు. పద్దెనిమిదేళ్లు రెండింటికి పడుకున్న ఒంటిని తెచ్చి, సరిగ్గా రెండింటికి కూర్చోబెట్టి, మూడు గంటలు ఆపకుండా లెక్కలు చెయ్యమంటే అది మాత్రం ఏం చేస్తుంది.

అందుకే తమ్ముణ్ణి ఏప్రిల్ 20నే హాస్టల్ నుంచి ఇంటికి తెచ్చేశాం. దీని మీద పెద్ద గొడవే అయింది. "ఈ పదిహేను రోజులే కీలకం సార్, ఇప్పుడు ఇంటికి తీసుకెళ్తే పిల్లాడు చెడిపోతాడు" అని నాన్నకి ఫోన్ మీద ఫోన్. నాన్న కాస్త మెత్తబడ్డాడు కూడా. నేను పట్టుబట్టాను. హాస్టల్లో ఆఖరి రోజులు ఎలా ఉంటాయో నాకు తెలుసు కాబట్టి. పొద్దున్న అయిదింటికి బెల్లు, రాత్రి పదకొండుదాకా స్టడీ అవర్స్, రోజూ ఒక గ్రాండ్ టెస్ట్, సాయంత్రానికి మార్కుల లిస్టు గోడ మీద, అదే లిస్టు తల్లిదండ్రుల వాట్సాప్‌లో. నిన్నటికంటే ఇరవై తగ్గితే రాత్రి అన్నం దిగదు. తొమ్మిదింటికి మెస్సులో టీ ఇచ్చేవాళ్లు మెలకువగా ఉండటానికి, ఆ టీలో కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుందని అప్పుడెవరికీ పట్టలేదు. అందరికీ హాస్టల్ చెడ్డదని కాదు, ఇంట్లో టీవీ ఆగని ఇళ్లూ, చుట్టాలు తరగని ఇళ్లూ ఉన్నాయి, వాళ్లకి హాస్టలే మేలు. మా ఇంట్లో టీవీ పాడై ఆర్నెల్లయింది, బాగు చేయించడం కావాలనే వాయిదా వేశాం.

ఇంటికొచ్చిన మొదటి మూడు రోజులు వాడు మధ్యాహ్నం పేపర్ రాస్తూ నిద్రపోయాడు. నిజంగా, పెన్ను చేతిలో ఉండగానే. నేనేం అనలేదు. నాలుగో రోజు నుంచి భోజనం పదకొండున్నరకి మార్చాం. కొద్దిగా అన్నం, పప్పుచారు, ఒక ఉడకబెట్టిన గుడ్డు, పల్చటి మజ్జిగ. పచ్చడి లేదు, వేపుడు లేదు. అమ్మకిది చాలా కష్టమైంది, పిల్లాడికి కడుపునిండా పెట్టడం లేదని వంటింట్లో నాకు వినపడేలా సణిగేది. ఒకటిన్నరకి మొహం కడుక్కుని కుర్చీలో కూర్చోవాలి, రెండు నుంచి అయిదు దాకా లేవకూడదు. రాత్రి పదింటికి లైటు ఆర్పెయ్యాలి. ఇప్పుడు పన్నెండో రోజు. నిన్న మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయి చెమటలు కారుతున్నా వాడు తల ఎత్తలేదు. వాడి మార్కులు ఎంత పెరిగాయో నేను రాయను, దిష్టి.

ఇక చెయ్యి. అసలు ఈ పోస్టు మొదలుపెట్టింది దీనికోసమే.

2023లో నీట్‌లో 200 ప్రశ్నలు ఉండేవి, అందులో 180 రాస్తే చాలు. ప్రతి సబ్జెక్టులో బీ సెక్షన్ అని ఒకటి, పదిహేనులో పది ఎంచుకోవాలి. టైమ్ కూడా మూడు గంటల ఇరవై నిమిషాలు. వినడానికి బావుంది కదా, ఇష్టమొచ్చినవి వదిలేయొచ్చు. నేను కెమిస్ట్రీ బీ సెక్షన్‌లో ఇష్టమొచ్చినవి వదిలేశాను. ఓఎంఆర్ (జవాబులు గుర్తుపెట్టే షీటు) మీద గుండ్రాలు దిద్దడం చివరికి పెట్టుకున్నాను, హడావుడిగా దిద్దుకుంటూ వెళ్లాను, ఒకచోట వదిలేసిన ప్రశ్నకి కూడా దిద్దేశాను. అక్కణ్ణుంచి అన్నీ ఒక గడి పైకి జరిగిపోయాయి. సెక్షన్ చివర్లో ఆఖరి గడి ఖాళీగా మిగిలితేగానీ తెలియలేదు. నల్ల బాల్‌పెన్. చెరపడానికి లేదు, కొట్టెయ్యడానికి లేదు. ఏడు బిట్లు. కరెక్టయితే నాలుగు, తప్పయితే మైనస్ ఒకటి, అంటే ఒక్కోదానికి అయిదు మార్కుల తేడా. ఏడైదులు ముప్పై అయిదు. తర్వాత కీ వచ్చాక చూసుకుంటే రెండు గడులు మాత్రం ఎలాగో కలిశాయి, ఏ దేవుడి దయో. మిగతా పాతిక మార్కులూ గోవిందా.

ఆ సంగతి ఇంట్లో రెండు రోజులు చెప్పలేదు. మూడో రోజు రాత్రి అన్నం తింటుంటే చెప్పేశాను, చెప్పి ఏడ్చాను. అమ్మ కూడా ఏడ్చింది. నాన్న మాత్రం చెయ్యి కడుక్కొచ్చి కూర్చుని, "లెక్క ఎక్కడ జారింది?" అన్నాడు. ఎందుకు జారింది అని కాదు, ఎక్కడ అని.

నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. సీజన్‌లో రోజుకి ఎన్ని వందల టిక్కీలు ఆయన చేతికింద పోతాయో ఆయనకే తెలియాలి. (బయటి ఊళ్లవాళ్లకి: మిరపకాయల బస్తాని మేం టిక్కీ అంటాం.) ఆ రాత్రి కంచాల ముందే చెప్పాడు. "హమాలీలు లారీలోకి టిక్కీలు వేస్తుంటారు, నేను చీటీలో గీతలు పెడుతుంటా. పక్కనెవరో పిలుస్తారు, ఫోన్ మోగుతుంది, కారం ఘాటుకి దగ్గొస్తుంది. గీత తప్పకుండా ఎలా ఉంటుంది? తప్పుతుంది. అందుకే పది టిక్కీలకొకసారి ఆపమంటా. లారీలో చూస్తా, చీటీలో చూస్తా. రెండూ కలిస్తేనే పదకొండోది. వందయ్యాక తేడా వచ్చిందనుకో, వందా దింపాలి. పదికి తెలిస్తే పదే కదా."

అంతే. తిట్టలేదు, ఓదార్చలేదు. లేచి వెళ్లి పడుకున్నాడు.

2024లో నేను రాసినప్పుడు బుక్‌లెట్‌లో ప్రతి పదో ప్రశ్న పక్కనా చిన్న గీత పెట్టుకున్నా, ఓఎంఆర్ మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు. ఒక పది చెయ్యడం, ఆ పదీ దిద్దడం, చివరి నంబరు రెండుచోట్లా చూడటం, తర్వాత పదకొండోది. ఆ ఏడాది జరిగిన రభస మీకు తెలిసిందే, మొదట 67 మందికి 720కి 720 వచ్చాయన్నారు, తర్వాత మళ్లీ లెక్కేస్తే 17 మందే తేలారు, ఆ నెలన్నర మా ఇంట్లో ఎవరం సరిగ్గా ఊపిరి పీల్చుకోలేదు. కానీ నా ఓఎంఆర్‌లో ఒక్క గడి జరగలేదు. సీటు అందుకే వచ్చిందని అనను, లాంగ్ టర్మ్‌లో అరిగిపోయిన పుస్తకాలు ఊరుకోవు. కానీ ఆ పాతిక మార్కులు రెండోసారి కూడా పోయుంటే ఈ పోస్టు రాసేదాన్ని కాదు.

ఈసారి బీ సెక్షన్ తీసేశారు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, వదిలే వెసులుబాటు లేదు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. చాయిస్ లేదు కాబట్టి గడి జరగడం తగ్గుతుందని కొందరంటున్నారు. నాకలా అనిపించడం లేదు. రానిది వదిలేసి ముందుకెళ్లేది ఇప్పుడూ ఉంటుంది, పైగా ఇరవై నిమిషాలు తగ్గాయి, హడావుడి ఎక్కువ. మొన్న స్టాప్‌వాచ్ పెట్టి తమ్ముడి చేత దిద్దించాను. ఒక్కో గుండ్రానికి నాలుగు సెకన్లు. 180కి పన్నెండు నిమిషాలు. అంటే చేతిలో ఉన్నవి నూట ఎనభై కాదు, నూట అరవై ఎనిమిది. ఈ లెక్క చాలామంది పిల్లలకి పరీక్ష హాల్లో నాలుగున్నరకి తెలుస్తుంది. వాడి దగ్గరున్న ఓఎంఆర్ జిరాక్సులు అయిపోతే నాన్న సాయంత్రం ఇంకో ఇరవై తీయించుకొచ్చాడు, బ్రాడీపేటలో జిరాక్సు షాపు అబ్బాయి, "అంకుల్, మీరు కూడా రాస్తున్నారా" అన్నాడట.

చదువు సంగతి అసలు రాయకపోతే బావుండదు కాబట్టి రెండు ముక్కలు. కొత్త చాప్టర్ ముట్టుకోవద్దు, కొత్త మెటీరియల్ కొనొద్దు. వాడు నెల కిందట విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్టులో ఒక లావుపాటి ఫిజిక్స్ బిట్ల పుస్తకం కొన్నాడు, దాన్ని నేను అమ్మ చీరల బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు చదవాల్సింది ఎర్రర్ బుక్, అంటే తన తప్పులు రాసుకునే పుస్తకం, ఒక్కటే. వాడి ఎర్రర్ బుక్‌లో ఒకే తప్పు మూడు తేదీల కింద మూడుసార్లు ఉంది: హెర్షీ, ఛేజ్ ప్రయోగంలో పీ-32 (ఫాస్ఫరస్) దేనికి గుర్తు, ఎస్-35 (సల్ఫర్) దేనికి. రాసిన ప్రతిసారీ ఎర్రపెన్నుతో సరిదిద్దుకున్నాడు, మళ్లీ తప్పే. చదవడం వల్ల కాదని పుస్తకం మూయించి, వంటింట్లో అమ్మకి తెలుగులో చెప్పమన్నాను. "అమ్మా, డీఎన్‌ఏలో ఫాస్ఫరస్ ఉంటుంది, సల్ఫర్ ఉండదు, ప్రోటీన్‌లో సల్ఫర్ ఉంటుంది, అందుకని..." అని మొదలెట్టి మధ్యలో తనే ఆగి, "ఓహ్, అంతేనా" అన్నాడు. అమ్మ పోపు వేస్తూ, "అంతే" అంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, పేపర్ ముందే ఇస్తామనే టెలిగ్రామ్ గ్రూపుల జోలికి పోకండి. పరీక్ష పెట్టే ఎన్టీఏ వాళ్లు ఈమధ్యే ఇలాంటివాటి మీద ఫిర్యాదులకి ఒక పోర్టల్ కూడా తెరిచారు. మా వీధిలోనే ఒకాయన, బాగా చదువుకున్నాయన, "ఏమో, నిజమేమో, చూస్తే పోయేదేముంది" అన్నాడు. డబ్బు పోతుంది, దాంతోపాటు పిల్లాడి నిద్ర కూడా.

ఇక కాగితాల పని. నిన్న సాయంత్రమంతా దీనితోనే సరిపోయింది. అడ్మిట్ కార్డు కలర్ ప్రింటు రెండు సెట్లు. నాలుగు బై ఆరు ఫొటో అంటించడానికి ఒక పేజీ ఉంటుంది, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, చాలామంది పాస్‌పోర్ట్ ఫొటో ఒక్కటే చూసుకుని ఇది మర్చిపోతారు. మేం వెళ్లేసరికి అరండల్‌పేట స్టూడియోలో ఆరుగురు పిల్లలు లైన్లో ఉన్నారు, ఫొటో తీసే ఆయన ఎవర్నీ ఏమీ అడక్కుండానే తెల్ల తెర దింపేస్తున్నాడు. ఎడమ బొటనవేలి ముద్ర కోసం నాన్న కొట్లోంచి ఇంకు ప్యాడ్ పట్టుకొచ్చాడు, ముందు తెల్లకాగితం మీద నాలుగుసార్లు వేయించి అయిదోది అసలు దాని మీద వేయించాడు. ఇన్విజిలేటర్ ముందు పెట్టాల్సిన సంతకం ఇంట్లోనే పెట్టబోతుంటే నేను చెయ్యి పట్టుకున్నా. ఒరిజినల్ ఆధార్, మూత, సీసా రెండూ పారదర్శకంగా ఉండే నీళ్ల సీసా. పెన్ను వాళ్లే ఇస్తారు.

పొట్టి చేతుల చొక్కా, చెప్పులు. బూట్లు కుదరవు, వాచీ కుదరదు. వాచీ లేకపోవడం చిన్న విషయం కాదు, చేతికి ఉన్న వాచీ చూసుకోవడం అలవాటైన పిల్లాడు హాల్లో ఖాళీ మణికట్టు చూసుకుని కంగారు పడతాడు. తమ్ముడి వాచీ పది రోజులనుంచి నా దగ్గరే ఉంది. అమ్మ మాత్రం దుర్గమ్మ గుడి దారం వాడి చేతికి కట్టాలంటుంది. గేటు దగ్గర తీసెయ్యమంటే వాడి మనసు పాడవుతుందని నా భయం, అసలు కట్టకపోతే తన మనసు పాడవుతుందని అమ్మ బాధ. చివరికి ఆదివారం పొద్దున్న కట్టి, బస్సెక్కే ముందు విప్పి అమ్మ చేతికే కట్టుకునేలా ఒప్పందం కుదిరింది.

సెంటర్ విజయవాడలోనే, ఒక ప్రభుత్వ కాలేజీ. చూసిరావడానికి రేపు వెళ్దామనుకున్నాం, కానీ రేపు ప్రధాని అమరావతి వస్తున్నాడు, హైవే మీద ఎక్కడ ఆపుతారో ఎటు తిప్పుతారో తెలియదు. అందుకే ఈరోజే పొద్దున ఆరున్నర బస్సుకి నాన్న, తమ్ముడు, నేను వెళ్లొచ్చాం. వారధి దాటేసరికే ఎండ చుర్రుమంటోంది. పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో దిగి ఆటో ఎక్కగానే నాన్న ఫోన్లో టైమ్ చూసుకున్నాడు, గేటు దగ్గర దిగి మళ్లీ చూసుకున్నాడు. ఇరవై నిమిషాలు. "ఆదివారం కాబట్టి ఇంతకంటే తక్కువే పట్టాలి, అయినా నలభై వేసుకుందాం" అని జేబులోంచి చీటీ తీసి రాసుకున్నాడు. ఏ గేటులోంచి పంపిస్తారో వాచ్‌మన్‌ని అడిగాడు, ఎదురుగా వేపచెట్టు ఉందో లేదో చూసుకున్నాడు, అది అమ్మ కూర్చోవడానికి. తమ్ముడు గేటు ఊచల్లోంచి లోపలికి కాసేపు చూసి, "మామూలు కాలేజీయే" అన్నాడు. ఆ మాట కోసమే తీసుకెళ్లాను నేను. ఆదివారం పదకొండున్నరకి పటమటలో మావయ్య వాళ్లింట్లో భోజనం, అత్తకి మెనూ ముందే చెప్పేశాను, ఆవిడ "ఇదేం తిండే, పెళ్లివాళ్లొస్తే పెట్టేదా" అని ఫోన్లోనే నవ్వింది.

ఫోన్లంటే గుర్తొచ్చింది. చుట్టాల ఫోన్లు. "ఎన్ని వస్తున్నాయి వాడికి?" అందరిదీ ఇదే ప్రశ్న. నిన్నటినుంచి అమ్మ అందరికీ ఒకటే చెప్తోంది, "ఆవకాయ పెట్టాక చెప్తా" అని. అర్థం కాక వాళ్లే పెట్టేస్తున్నారు. ఆవకాయ నిజంగానే ఆగిపోయింది. పక్కింట్లో మొన్ననే కాయలు కొట్టించారు, ఆవపిండి ఘాటు మా వరండా దాకా వస్తోంది. కాయలు ఇంకో వారం ఆగితే పీచు పడతాయని అమ్మకి దిగులు, అయినా నీట్ అయ్యేదాకా కత్తిపీట ముట్టనంటుంది. సోమవారం పొద్దున్నే కాయలు కొట్టించాలి, నాన్నకి సెలవు పెట్టమని ఆర్డరు కూడా అయిపోయింది.

ఇప్పుడు పదింపావు. ఇది రాస్తూ వాడి సంగతి మర్చిపోయాను, గదిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. గొంతులు కూడా వినపడుతున్నాయి, వాడిదీ నాన్నదీ. వెళ్లి చూస్తే మంచం మీద ఇద్దరూ. వాడు జిరాక్సు కాగితం మీద గుండ్రాలు దిద్దుతున్నాడు, నాన్న కళ్లజోడు పెట్టుకుని నిన్నటి పేపర్ పట్టుకుని "నూట ముప్పై... చీటీలో ఎంత?" అంటున్నాడు.

"నూట ఇరవై తొమ్మిది" అన్నాడు వాడు.

"పది దింపు" అన్నాడు నాన్న.